ఫిట్స్ మాత్రను చెప్పాపెట్టకుండా ఆపేయకండి

సంపాదకుడు గారికి,

ఏటా నవంబరు 17న జాతీయ మూర్ఛ దినం వస్తుంది. ఫిట్స్ వచ్చినవాళ్ల చేతిలో తాళాలు పెట్టవద్దని, ఉల్లిపాయ వాసన చూపించవద్దని, అది దెయ్యం పట్టడం కాదని ఆ రోజు పత్రికలు రాస్తాయి. రాయాల్సిందే. కానీ డాక్టరు దగ్గరికి వెళ్లి మందు మొదలుపెట్టినవాళ్లు ఆ తర్వాత ఎక్కడ దెబ్బతింటున్నారన్న సంగతి మాత్రం అచ్చులో కనబడదు. మందుల కౌంటర్ వెనక నిలబడే మాకు రోజూ కనబడేది అదే. మాత్ర వేసుకుంటే మత్తుగా ఉందనో, ఆరు నెలలుగా ఫిట్స్ రాలేదు కదా అనో, ఎక్కువ రోజులు వాడితే కిడ్నీలు పోతాయని ఊళ్లో ఎవరో అన్నారనో ఒకరోజు మానేస్తారు. కొందరికి వారం తిరక్కుండానే ఆగకుండా ఫిట్స్ వస్తాయి. మాత్రతో వచ్చే ఇబ్బందులు నిజమే, వాటిని తేలిగ్గా తీసిపారేయకూడదు. అయితే అవి ఎందుకు వస్తాయో తెలిస్తే మానేయకుండానే చాలావాటిని సరిచేసుకోవచ్చు. ఈ ఉత్తరం అందుకే.

మెదడులోని కణాలు విద్యుత్ సంకేతాలతో పనిచేస్తాయి. కణం గోడలో ఉండే సోడియం ఛానెళ్లు తెరుచుకుంటే సంకేతం పుడుతుంది, మూసుకుంటే ఆగుతుంది. ఫిట్స్ వచ్చేటప్పుడు ఒక గుంపు కణాలన్నీ ఒకేసారి, తెరిపి లేకుండా సంకేతాలు పంపుతాయి. ఫెనిటాయిన్, కార్బమజెపిన్, ఆక్స్‌కార్బజెపిన్, లామోట్రిజిన్ ఈ సోడియం ఛానెళ్లకే అతుక్కుంటాయి. అదీ అన్నింటినీ ఒకేలా కాదు, అతి వేగంగా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నవాటినే ఎక్కువగా పట్టుకుంటాయి. సరైన మోతాదులో ఆలోచన, చూపు, నడక పెద్దగా చెడకుండా ఫిట్స్ మాత్రమే ఆగడానికి కారణం ఇదే. మోతాదు మించితే ఈ తేడా చెరిగిపోతుంది. అప్పుడు చిన్నమెదడు పని ముందుగా మందగిస్తుంది. మనిషి తూలుతాడు, ఒకటి రెండుగా కనబడుతుంది, మాట ముద్దగా వస్తుంది.

రెండో దారి గాబా. మెదడులో ఉద్రేకాన్ని తగ్గించే సహజమైన రసాయనం ఇది. ఫెనోబార్బిటోన్, క్లోబజామ్, క్లోనజెపామ్ దాని పనిని పెంచుతాయి. ఉద్రేకం తగ్గే చోట మెలకువ కూడా తగ్గుతుంది కాబట్టి ఈ మూడింటితోనూ మగత వస్తుంది. నెలల తరబడి వాడితే మెదడు ఆ సాయానికి అలవాటు పడుతుంది. దాన్ని ఒక్కసారిగా లాగేస్తే అసలు జబ్బుకు మించి ఫిట్స్ రావడం ఇక్కడే ఎక్కువ. వాల్‌ప్రోయేట్ సోడియం ఛానెళ్ల మీదా, గాబా మీదా రెండు వైపులా పనిచేస్తుంది. లెవెటిరాసెటామ్ దారి వేరు. కణం చివర రసాయన సంకేతాలు నిల్వ ఉండే సంచుల్లోని ఒక ప్రోటీన్‌ను అది పట్టుకుంటుంది.

ఏ మందయినా ఏ ఫిట్స్‌కైనా పనికొస్తుందనుకోవడం పెద్ద పొరపాటు. పదిహేనేళ్ల పిల్లకు పొద్దున్నే లేవగానే చేతులు ఉలిక్కిపడి బ్రష్షో, పాల గ్లాసో జారిపోతుంటే అది ఒక ప్రత్యేకమైన మూర్ఛకు గుర్తు. దానికి కార్బమజెపిన్ గానీ ఫెనిటాయిన్ గానీ ఇస్తే ఆ ఉలికిపాట్లు ఎక్కువయ్యే అవకాశం ఉంది. క్లాసులో కొన్ని సెకన్లపాటు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయే పిల్లల విషయంలోనూ అంతే. ఫిట్స్‌ను ఫోన్లో వీడియో తీసి డాక్టరుకు చూపించమనేది అందుకే. ఇంట్లో మరొకరికి పనిచేసిన మాత్ర తెచ్చి వేయవద్దనేదీ అందుకే.

ఫెనిటాయిన్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. 1938 నుంచి వాడుకలో ఉంది, చౌక, మన దగ్గర ఎప్టాయిన్ అన్న దీని బ్రాండు పేరు తెలియని మందుల షాపు ఉండదు. కానీ దీని లెక్క మిగతా మందుల్లాంటిది కాదు. ఒక రోజులో లివర్ ఎంత ఫెనిటాయిన్‌ను విరగ్గొట్టగలదో దానికి ఒక హద్దు ఉంది. తూము వదిలే నీటికి మించి చెరువులోకి నీరు వస్తే, ఆ ఎక్కువ కొంచెమే అయినా మట్టం రోజురోజుకూ పెరుగుతూనే ఉంటుంది. ఫెనిటాయిన్‌తో జరిగేదీ అదే. రక్తంలో మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాములు ఉండాలి. రోజుకు 300 మి.గ్రా.తో 12 ఉన్న మనిషికి 400 చేస్తే లెక్క ప్రకారం 16 అవుతుందనిపిస్తుంది. నిజానికి 30 దాటిపోవచ్చు, అదీ మర్నాడు కాదు, రెండు మూడు వారాలు మెల్లగా పెరిగి. 20 దాటితే కళ్లు పక్కకు చూసినప్పుడు అదురుతాయి, 30 దాటితే నడక తూలుతుంది, 40 దాటితే మనిషి మత్తులో పడిపోతాడు. అందుకే ఈ సంగతి తెలిసిన డాక్టర్లు దీన్ని ఒక్కసారిగా 100 పెంచరు, 30 లేదా 50 మి.గ్రా. చొప్పున పెంచుతారు.

ఇక్కడే ఒక తప్పు పదేపదే జరుగుతోంది. రోగి వారానికి రెండు మూడు మాత్రలు మర్చిపోతుంటాడు, ఫిట్స్ వస్తాయి. ఎమర్జెన్సీలో మందు సరిగ్గా వేసుకుంటున్నావా అని అడిగితే ఇంట్లోవాళ్లు తిడతారన్న భయంతో అవునంటాడు. మోతాదు చాలలేదనుకుని డాక్టరు పెంచుతారు. బెదిరిపోయిన కుటుంబం ఈసారి ఒక్క మాత్ర తప్పకుండా వేస్తుంది. మూడు వారాలకు ఆ మనిషి తాగినవాడిలా తూలుతూ, వాంతులతో మళ్లీ వస్తాడు. ఎన్ని మాత్రలు మానేశారో ఉన్నదున్నట్టు చెప్పండి. డాక్టర్లు కూడా దయచేసి మోతాదు పెంచే ముందు రక్తంలో మందు మట్టం చూడండి. మట్టం 4 ఉంటే కొత్త మోతాదు కాదు, పాత మోతాదు రోజూ వేసుకునే ఏర్పాటు కావాలి.

ఏళ్ల తరబడి ఫెనిటాయిన్ వాడేవాళ్లకు చిగుళ్లు పెరిగి పళ్ల మీదికి వస్తాయి. రోజుకు రెండుసార్లు శ్రద్ధగా తోముకుని, ఆరు నెలలకోసారి పళ్లు శుభ్రం చేయించుకుంటే ఇది చాలావరకు అదుపులో ఉంటుంది. ముఖం మీద వెంట్రుకలు పెరగడం వల్ల ఆడపిల్లలు బాధపడతారు. అది చిన్న సంగతి కాదు, మందు మార్చమని అడగడానికి అదొక్క కారణం చాలు. ఫెనిటాయిన్, ఫెనోబార్బిటోన్, కార్బమజెపిన్ మూడూ విటమిన్ డి తొందరగా ఖర్చయ్యేలా చేసి ఎముకలను బలహీనపరుస్తాయి. ఫిట్స్ వచ్చి పడిపోయే మనిషికి ఎముకలు పెళుసుగా ఉంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. విటమిన్ డి పరీక్ష చేయించుకోవాలి, తక్కువుంటే భర్తీ చేసుకోవాలి.

ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడని ఇబ్బంది దద్దుర్లు. ఫెనిటాయిన్, కార్బమజెపిన్, ఆక్స్‌కార్బజెపిన్, ఫెనోబార్బిటోన్, లామోట్రిజిన్ మొదలుపెట్టిన తొలి రెండు నెలల్లో ఒంటి మీద ఎర్ర దద్దుర్లు లేస్తే వేడి చేసిందని ఊరుకోవద్దు. దద్దుర్లతో పాటు జ్వరం, నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడడం, చర్మం పొక్కి ఊడడం ఉంటే అది ప్రాణాంతకం, అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఇక్కడ మాత్రం మాత్ర కొనసాగించడమే ప్రమాదం. దాన్ని ఆపి, వేరే జాతి మందు ఇచ్చే పని డాక్టరు వెంటనే చేస్తారు. ఈ ఐదింటిలో ఒకటి పడనివాళ్లకు మిగతావీ పడకపోవచ్చు కాబట్టి ఏ మందుకు దద్దుర్లు వచ్చాయో ఫైలు మొదటి పేజీ మీద పెద్ద అక్షరాలతో రాయించుకోవాలి.

లామోట్రిజిన్ దద్దుర్లు ఎక్కువగా తొందరపాటు వల్ల వస్తాయి. పెద్దవాళ్లకు మొదటి రెండు వారాలు రోజుకు 25 మి.గ్రా., తర్వాతి రెండు వారాలు 50, ఆపైన మెల్లగా పెంచాలి. వాల్‌ప్రోయేట్ కూడా వాడుతుంటే లామోట్రిజిన్ ఒంట్లో రెట్టింపు సేపు నిలుస్తుంది. అప్పుడు రోజు విడిచి రోజు 25తో మొదలుపెట్టాలి. ఊరెళ్లి ఐదు రోజులకు మించి మానేస్తే తిరిగి పాత మోతాదు ఒక్కసారిగా వేసుకోకూడదు, డాక్టరును అడిగి మళ్లీ మొదటి నుంచి రావాలి. ఈ సంగతి తెలియక ఇబ్బంది పడేవాళ్లు చాలామంది.

కార్బమజెపిన్ తనను విరగ్గొట్టే లివర్ ఎంజైములను తానే పెంచుకుంటుంది. మొదటి వారంలో బాగా పనిచేసిన మోతాదు మూడు నాలుగు వారాలకు చాలకుండా పోవడం అందువల్లే. అది మందు నకిలీదై కాదు. ఆక్స్‌కార్బజెపిన్, కార్బమజెపిన్ రెండూ రక్తంలో సోడియం తగ్గిస్తాయి. బీపీ కోసం మూత్రం ఎక్కువ పోయించే మాత్ర కూడా వాడే పెద్దవాళ్లలో ఇది ఎక్కువ. తలనొప్పి, నీరసం, తికమక మాటలు, ఒక్కోసారి మళ్లీ ఫిట్స్ వస్తాయి. సోడియం పరీక్ష ఖర్చు తక్కువ. అది చూడకుండా ఫిట్స్ మందు పెంచితే పరిస్థితి ఇంకా దిగజారుతుంది.

వాల్‌ప్రోయేట్‌తో బరువు పెరగడం, జుట్టు రాలడం, చేతులు వణకడం మామూలు. రెండేళ్ల లోపు పిల్లల్లో లివర్ దెబ్బతినే ముప్పు ఎక్కువ. ఆకలి చచ్చిపోయి, వాంతులు పట్టుకుని, బిడ్డ మగతగా ఉంటే రేపటి దాకా ఆగవద్దు. పెద్దవాళ్లలో రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు తగ్గవచ్చు, కాబట్టి ఆపరేషన్‌కో, పన్ను తీయించుకోవడానికో ముందు ఈ మాత్ర సంగతి చెప్పాలి. అన్నింటికన్నా ముఖ్యం పిల్లలు కనే వయసు ఆడవాళ్ల విషయం. గర్భంలో వాల్‌ప్రోయేట్‌కు గురైన పిల్లల్లో సుమారు పదిమందికి ఒకరు పుట్టు లోపాలతో పుడతారు. పదిమందిలో ముగ్గురు నలుగురికి మాట, చదువు, ఎదుగుదల వెనకబడతాయి. ఈ సంగతి పెళ్లీడు ఆడపిల్లకు వాల్‌ప్రోయేట్ రాసే రోజే చెప్పాలి, మూడో నెలలో స్కానింగ్ గదిలో కాదు. మరో మందు పనిచేసే వీలుంటే గర్భానికి ముందే మార్చుకోవాలి. అప్పటికే గర్భం వచ్చిందని తెలిసినా సరే భయపడి సొంతంగా ఆపవద్దు. తల్లికి ఆగకుండా ఫిట్స్ వస్తే ఇద్దరి ప్రాణానికీ ముప్పే. ఆ వారంలోనే నరాల డాక్టరును కలవాలి. ఫోలిక్ యాసిడ్ గర్భం రాకముందు నుంచే వేసుకోవాలి. గర్భిణుల్లో లామోట్రిజిన్ మట్టం బాగా పడిపోతుంది కాబట్టి మోతాదు పెంచాల్సి రావచ్చు, కాన్పయ్యాక తిరిగి తగ్గించాలి. తల్లిపాలు మానాల్సిన పని సాధారణంగా ఉండదు. ఫెనోబార్బిటోన్ వాడే తల్లి మాత్రం బిడ్డ మరీ మగతగా ఉందేమో గమనించుకోవాలి.

తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ మూర్ఛ ఉన్న గర్భిణుల వివరాలను 1998 నుంచి నమోదు చేస్తోంది. వాళ్లలో ఎక్కువమందికి ఆరోగ్యవంతులైన పిల్లలే పుడుతున్నారు. ఈ మాట మన ఇళ్లలో గట్టిగా వినబడాలి. ఎందుకంటే పెళ్లి కాగానే అత్తవారింట్లో తెలుస్తుందని మాత్రలు మానేసే అమ్మాయిలు ఇప్పటికీ ఉన్నారు. హిందూ వివాహ చట్టంలో పెళ్లి రద్దుకు మూర్ఛను కారణంగా చూపే వీలును 1999లోనే తీసేశారు. దాచుకోవాల్సిన అవసరం చట్టం వైపు నుంచి లేదు. మరొక్క సంగతి: ఫెనిటాయిన్, కార్బమజెపిన్, ఫెనోబార్బిటోన్ వాడేవాళ్లకు మాలా-డి లాంటి గర్భనిరోధక మాత్రలు సరిగ్గా పనిచేయవు. కాపర్-టి పనిచేస్తుంది. లామోట్రిజిన్ విషయంలో కథ తిరగబడుతుంది. అక్కడ గర్భనిరోధక మాత్రే ఫిట్స్ మందు మట్టాన్ని దాదాపు సగానికి దించుతుంది.

లెవెటిరాసెటామ్ ఇప్పుడు అందరూ రాస్తున్నారు, కారణం ఉంది. లివర్ మీద భారం తక్కువ, వేరే మందులతో గొడవ తక్కువ. కిడ్నీల ద్వారా బయటికి పోతుంది, అంతేగానీ కిడ్నీలను పాడుచేయదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు మోతాదు తగ్గిస్తారు. దీని ఇబ్బంది మనసు మీద. నెమ్మదస్తుడైన మనిషి చీటికీమాటికీ కసురుకుంటాడు, పిల్లలు వస్తువులు విసిరేస్తారు, కొందరు దిగులుతో ముడుచుకుపోతారు. రోగికి తన మార్పు తెలియదు, ముందు గమనించేది ఇంట్లోవాళ్లే. దాన్ని పొగరనుకుని కొట్టడం, తిట్టడం అన్యాయం. చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట నోట వస్తే, ఏ ఫిట్స్ మందు వాడుతున్నా సరే, ఆ రోజే డాక్టరుకు చెప్పాలి.

టోపిరామేట్‌తో వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తెలిసిన మాట సమయానికి నోటికి రాదు, కిడ్నీలో రాళ్లు రావచ్చు. ఇది చెమటను తగ్గిస్తుంది. రామగుండం, రెంటచింతల ఎండల్లో పిల్లాడికి ఒళ్లు కాలిపోతూ చెమట మాత్రం పట్టకపోతే జ్వరం మాత్రతో సరిపెట్టవద్దు. నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

వేరే జబ్బులకు వాడే మందులు ఈ లెక్కలన్నీ తారుమారు చేస్తాయి. టీబీ మందుల్లో ఐసోనియాజిడ్ ఫెనిటాయిన్, కార్బమజెపిన్ మట్టాలను పెంచుతుంది, రిఫాంపిసిన్ తగ్గిస్తుంది. రెండూ కలిపి ఇస్తారు కాబట్టి ఎటు మొగ్గుతుందో రక్త పరీక్షే చెప్పాలి. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌లు పడితే కార్బమజెపిన్ రెండు మూడు రోజుల్లో పెరిగి తూలిస్తుంది. ఐసీయూలో ఇచ్చే మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ వాల్‌ప్రోయేట్ మట్టాన్ని ఒక్క రోజులో పడేస్తుంది. ఒళ్లు నొప్పులకు అడిగి తెచ్చుకునే ట్రమడాల్, విరేచనాలకు వాడే సిప్రోఫ్లాక్సాసిన్ సొంతంగానే ఫిట్స్ తెప్పించగలవు. చీటీ లేకుండా మందు కొనేటప్పుడు ‘నాకు ఫిట్స్ మాత్ర నడుస్తోంది’ అన్న ఒక్క మాట చెప్పండి. షాపువాళ్లూ ఆ మాట అడగాలి.

సిరప్‌ల దగ్గర జరిగే పొరపాట్లు వేరు. ఫెనిటాయిన్ సిరప్‌లో మందు కరగదు, అడుగున పేరుకుంటుంది. సీసాను బాగా కుదపకపోతే మొదటి రెండు వారాలు బిడ్డకు నీళ్లలాంటి పైభాగం పడుతుంది, ఫిట్స్ వస్తాయి. చివరి వారం చిక్కటి అడుగు పడుతుంది, బిడ్డ తూలుతుంది. పైగా 5 మి.లీ.కి 30 మి.గ్రా. ఉండే సీసా ఉంది, 125 ఉండేదీ ఉంది. చీటీలో ‘5 మి.లీ.’ అని మాత్రమే రాస్తే సీసా మారినప్పుడు మోతాదు నాలుగు రెట్లవుతుంది. అందుకే ఎన్ని మిల్లీలీటర్లో, ఎన్ని మిల్లీగ్రాములో రెండూ రాయాలి. వంటింటి చెంచాతో కొలవకుండా గీతలున్న సిరంజితో నోట్లో పోయాలి.

మాత్రలకు తేమ శత్రువు. కార్బమజెపిన్ మాత్ర చెమ్మ తగిలి గట్టిపడితే దాని బలంలో మూడో వంతు దాకా పోగలదు. కాకినాడ, మచిలీపట్నం లాంటి తీర పట్టణాల్లో దీన్ని స్నానాల గది అల్మారాలో పెట్టడం అస్సలు మంచిది కాదు. వాల్‌ప్రోయేట్ కూడా గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. వారానికి సరిపడా ఒలిచి డబ్బాలో పోసుకోకుండా, వేసుకునేటప్పుడే స్ట్రిప్ చింపాలి. సీఆర్, క్రోనో అని రాసి ఉన్న మాత్రలను నూరకూడదు, నమలకూడదు. రోజంతా మెల్లగా వదలాల్సిన మందు గంటలో వచ్చిపడుతుంది. కంపెనీ మారిస్తే ఫెనిటాయిన్, కార్బమజెపిన్ మట్టాలు కదిలే వీలుంది కాబట్టి ఏదైనా ఒకటే కంపెనీ పట్టుకుని వాడటం మేలు. జనరిక్ అయినా పర్వాలేదు, నెలకోటి మారకుండా ఉంటే చాలు.

ఒక పూట మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. తర్వాతి వేళ దగ్గరపడితే ఒకటే వేసుకోవాలి, రెండూ కలిపి కాదు. శివరాత్రి జాగారం, రాత్రి ముహూర్తాల పెళ్లిళ్లు, రైలు ప్రయాణాల తర్వాత ఫిట్స్ కేసులు పెరగడం యాదృచ్ఛికం కాదు. నిద్ర కరువైంది, మాత్ర కూడా తప్పింది. ఉపవాసం ఉన్నా నీళ్లతో మాత్ర వేసుకోవాలి. రంజాన్‌లో సహర్, ఇఫ్తార్ వేళలకు మోతాదు ఎలా సర్దాలో ముందు నెలలోనే డాక్టరును అడగాలి.

మందు జీవితాంతమా అని అందరూ అడుగుతారు. చాలామందికి కాదు. కనీసం రెండేళ్లు ఒక్క ఫిట్ కూడా లేకపోతే మెల్లగా తగ్గించే మాట ఆలోచించవచ్చు. అదీ నెలల మీద, ఒక్కో మెట్టు దిగుతూ. ఫెనోబార్బిటోన్, క్లోబజామ్ ఇంకా నిదానంగా. అలా ఆపినా సుమారు పదిమందిలో ముగ్గురు నలుగురికి మళ్లీ వస్తాయి, ఎక్కువగా మొదటి ఏడాదిలోనే. పొద్దున ఉలికిపాట్ల రకం మూర్ఛలో ఆపితే తిరిగి వచ్చే అవకాశం మరీ ఎక్కువ. సరైన మందులు రెండు, సరైన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే మూడోదీ నాలుగోదీ కలుపుతూ ఏళ్లు గడపకుండా మూర్ఛ ఆపరేషన్ పనికొస్తుందేమో చూసే కేంద్రానికి పంపాలి. హైదరాబాద్ నిమ్స్‌లో ఆ సౌకర్యం ఉంది.

ఇక ఆరోగ్య శాఖకు. ఫెనిటాయిన్, వాల్‌ప్రోయేట్, కార్బమజెపిన్, లెవెటిరాసెటామ్, ఫెనోబార్బిటోన్, క్లోబజామ్ జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నవే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వీటిలో ఒకటి అయిపోతే రోగి ఆ నెల మాత్ర లేకుండా ఉంటాడు, లేదా చేతిలో ఉన్న వేరే మాత్ర ఇచ్చి పంపుతారు. రెండూ ప్రమాదమే. నెల నిల్వ మిగిలి ఉండగానే మందులు పంపమని ఇండెంట్ వెళ్లాలి. రోగికి ఒకసారి రెండు నెలల మందు ఇస్తే కూలి పోగొట్టుకుని పది రోజులకోసారి రానక్కర్లేదు. ఆగని ఫిట్స్‌ను ఆపే మిడజోలామ్ ముక్కు స్ప్రేని ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ, మూర్ఛ ఉన్న పిల్లలు చదివే బడుల్లోనూ ఉంచండి. ఫిట్స్ ఐదు నిమిషాలు దాటితే అది ఎమర్జెన్సీ. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా, డాక్టరు బరువును బట్టి రాసిచ్చినన్ని నొక్కులు రెండు ముక్కుల్లో సగం సగం కొట్టి 108కి ఫోన్ చేయాలి. ఒక్కో నొక్కుకు ఎంత మందు పడుతుందో కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి నొక్కుల సంఖ్యను సీసా మీదే పెన్నుతో రాసి పెట్టాలి. కొత్త సీసాను ముందు గాలిలోకి కొన్నిసార్లు నొక్కి, తుంపర సరిగ్గా వస్తోందని చూసుకుని దాచుకోవాలి.

ఇట్లు,
మూర్ఛ రోగులకు మందులిచ్చే క్లినికల్ ఫార్మసిస్టులం,
హనుమకొండ